ప్రతి చేరింది, పాఠం చేరిందా?

తాళపత్రాలతో పరిచయమున్నవారికి ఒక సంగతి తెలుసు. గ్రంథానికి ప్రతి దొరకడం వేరు, అందులోని పాఠం దొరకడం వేరు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కొలువులో పెట్టుకొని, ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించింది అందుకే. ఒక జాతి కంప్యూటరులో రాసుకున్నదానిని మరొక జాతి కంప్యూటరుకు చేర్చడంలోనూ ఇదే చిక్కు ఉంటుంది. పండిత శిక్షణలో నేర్చుకున్న ఈ పాఠం యంత్రాల దగ్గర నాకు మళ్ళీ ఎదురైంది.

1984లో కేంద్రప్రభుత్వం "క్లాస్" అనే పథకం మొదలుపెట్టి, ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులో 1981లో వెలువడిన ఈ యంత్రం అక్కడ ఇళ్ళలోనూ బళ్ళలోనూ వాడుకలో ఉండేది. జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేను తెలుగు పండితుడిగా ఉన్న బడికీ అవి వచ్చాయి.

మాది చేనేత ఊరు. మగ్గపు ఇళ్ళ పిల్లలు తమ తాతలనడిగి వృత్తిపదాలు సేకరించి తెచ్చేవారు. పడుగు, పేక, నాడె, కండె వంటి అందరెరిగిన మాటలే కాక, నిఘంటువులకెక్కని మాటలు కూడా అందులో ఉండేవి. మా యంత్రంలో తెలుగు లిపి లేదు కనుక ఇంగ్లీషు అక్షరాలలో రాయించాను. అచ్చులలో చిన్నబడి అక్షరం హ్రస్వం, పెద్దబడి అక్షరం దీర్ఘం. హల్లులలో చిన్నబడి "ఎల్" లకారం, పెద్దబడి "ఎల్" ళకారం. ఈ ఏర్పాటంతా ఫైలు మొదట పది పంక్తులలో వివరంగా రాయించాను.

1991లో మా మేనల్లుడు ఇంట్లో పీసీ కొన్నాడు. పదాల పట్టికను అందులోకి చేర్చాలనుకున్నాం. రెండు యంత్రాలవీ అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలే. చూపుకు కవలపిల్లలు. అయినా మా ఫ్లాపీని పీసీలో పెడితే చదవలేనన్నది. బీబీసీ యంత్రం ఫ్లాపీ మీది ఒక్కొక్క వలయాన్ని 256 బైట్ల గదులు పదిగా విభజిస్తుంది. పీసీ 512 బైట్ల గదులు తొమ్మిదిగా విభజిస్తుంది. అయస్కాంతపు గుర్తులు వేసే తీరు కూడా వేరు. ఆకు ఒకటే, గంటం పోకడ వేరన్నమాట.

భౌతికశాస్త్రం చెప్పే మా సహోద్యోగి ఒక తీగ తయారుచేశారు. ఆ కొస బీబీసీ యంత్రానికి, ఈ కొస పీసీకి. సెకనుకు 1200 బిట్ల వేగంతో ఇరవై వేల అక్షరాలు దాటడానికి మూడు నిమిషాలకు పైగా పట్టింది. వాడిన పద్ధతి 1977లో వార్డ్ క్రిస్టెన్సన్ రూపొందించిన ఎక్స్‌మోడెమ్. అది 128 బైట్లను ఒక మూటగా కట్టి, వాటి మొత్తాన్ని లెక్కగట్టి వెంట పంపుతుంది. అవతలి యంత్రం తానూ కూడి చూసుకుంటుంది. లెక్క కుదరకపోతే "మళ్ళీ పంపు" అంటుంది. వేదపాఠానికి క్రమ, జట, ఘనలు పెట్టిన కాపలా నాకు గుర్తుకు వచ్చింది.

లెక్క కుదిరింది. తెరిచి చూస్తే పంక్తులన్నీ ఒకే చోట, ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. పంక్తి ముగిసిందనడానికి బీబీసీలో ఒక గుర్తు చాలు; పీసీకి రెండు కావాలి, ఒకటి వరుస మొదటికి రావడానికి, రెండవది కిందికి దిగడానికి. ఒక చిన్న ప్రోగ్రాంతో ఆ లోటు తీర్చాం.

అసలు గండం ఆ తరువాత వచ్చింది. మా మేనల్లుడి స్నేహితుడొకడు ఉత్సాహం కొద్దీ పట్టిక మొత్తాన్ని పెద్దబడిలోకి మార్చి, "మాష్టారూ, ఇప్పుడు చూడండి, ఎంత బాగుందో!" అన్నాడు. చూడడానికి నిజంగానే బాగుంది. కాని "కే ఏ ఎల్ ఏ" అని ఉన్నచోట కల ఏది, కళ ఏది, కాల ఏది? తెలిసిన మాటనైతే సందర్భాన్నిబట్టి పోల్చుకోవచ్చు. ఏ నిఘంటువులోనూ లేని మాటను దేనితో పోల్చాలి? ఒక్క అక్షరమూ తక్కువ కాలేదు, ఒక్క బైటూ జారిపోలేదు. అయినా నాలుగు వందల మాటలు చెడ్డాయి. అదృష్టవశాత్తూ మూలం బీబీసీ ఫ్లాపీలో భద్రంగా ఉంది. మళ్ళీ తీగ తగిలించి పంపుకున్నాం.

కాలక్రమంలో ఆ యంత్రాలు పాతసామాను కింద వెళ్ళిపోయాయి, ఫ్లాపీలు బూజుపట్టాయి. ఫైలు మాత్రం ఒక పీసీ నుండి మరొక పీసీకి, అక్కడినుండి సీడీకి మారుతూ వచ్చింది. తెలుగుకు 1991 నాటి యూనికోడ్ తొలిరూపంలోనే చోటు దొరికినా, అది నా ఇంటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2009లో మా అమ్మాయి ఆ పట్టికను తెలుగు లిపిలోకి మార్చింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఫైలు మొదట ఉన్న పది పంక్తులు చదువుకొని, వాటి ప్రకారమే ప్రోగ్రాం రాసుకుంది.

ఆ మాటలు చెప్పిన తాతలలో ఇప్పుడు ఎవరూ లేరు. ఆ వీధిలో మగ్గాల చప్పుడూ లేదు. వారు ళకారం పలికినచోట పట్టికలో ళకారమే ఉంది.

మిత్రులారా, మీ పెట్టెలలోనూ పాత ఫాంట్లలో కొట్టిన వ్యాసాలు, పెద్దల ఉత్తరాలు, కథలు ఉండే ఉంటాయి. వాటిని కొత్త యంత్రానికి చేర్చేటప్పుడు ఏ ఫాంటు, ఏ కంప్యూటరు, ఏ అక్షరానికి ఏ గుర్తు అన్న నాలుగు ముక్కలు పైన రాసి ఉంచండి. రేపు వాటిని తెరిచేవారు మనల్ని అడిగి తెలుసుకోగలవారే కానక్కరలేదు.