విత్తనము – నేల

రాచపుండు అను మాటను మా యింట నెవరును బిగ్గరగా పలికెడివారు కారు. "ఆ జబ్బు" అనియే చెప్పుకొనెడివారము. ఆ జబ్బు మా తల్లిగారికి వచ్చినది. మేము మువ్వురము తోబుట్టువులము, ఈ పాఠశాలలోనే చదువుకొన్నవారము. ఇచ్చటి ప్రయోగశాలలో ఉల్లిపొరను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, ఇటుకలవలె పేర్చియున్న కణములను చూచి యానందించినవారము. అయినను మా తల్లిగారి దేహమునందలి కణములు దారి తప్పినప్పుడు ఆ చదువు మాకు తోడు రాలేదు. ఆ సంగతిని దాచక చెప్పుకొనుటకును, తరువాత మేము తెలిసికొన్నదానిని మా తమ్ములకును చెల్లెండ్రకును అందించుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

అమ్మ తన రొమ్మునందు చిన్న గడ్డ తగులుచున్నదని యెరిగియు ఎనిమిది మాసములు మాకు చెప్పలేదు. నొప్పి లేదు గదా యని కొంతయు, సిగ్గుచే కొంతయు ఊరకుండెను. పిమ్మట శస్త్రచికిత్స జరిగినది. ఆమె యింటికి వచ్చిన దినముననే బంధువులలో పెద్దవారొకరు, "ఇది అంటుకొనునేమో! ఆమె గ్లాసు వేరుగా నుంచుడు" అని చెప్పిరి. మేము కాదనలేదు. అంచున సొట్టపడిన స్టీలు గ్లాసు నొకదానిని ఆమెకు కేటాయించితిమి. అమ్మ చూచెను గాని యేమియు ననలేదు. తాను త్రాగిన గ్లాసును తానే కడిగి, వంటింటి కిటికీలో బోర్లించెడిది.

ఆరేండ్లు గడచినవి. జబ్బు పోయినదనియే నమ్మితిమి. ఏడవయేట తుంటియందు నొప్పి మొదలైనది. పరీక్షలు చేయించగా వ్యాధి యెముకకు చేరినదని తేలినది. అమ్మ వైద్యురాలిని రెండు ప్రశ్నలడిగెను. "నేనేమి తప్పు చేసితినమ్మా?" అనునది మొదటిది. "రొమ్మును కోసివేసితిరి గదా, ఎముకలోని కెట్లు వచ్చినది?" అనునది రెండవది.

"ఇందులో మీ తప్పేమియు లేదమ్మా" అని యామె శాంతముగా బదులు చెప్పెను. "కంతినుండి కొన్ని కణములు రక్తములో పడి, శస్త్రచికిత్సకు ముందే దేహమంతటను తిరిగియుండవచ్చును. అవి విత్తనముల వంటివి. పడిన ప్రతిచోటను మొలకెత్తవు. తమకు సరిపడు నేల దొరికిననే మొలకెత్తును."

అమ్మ పొలము పనులలో పెరిగినది. ఆమె వెంటనే, "వరిచేను కోతకు మునుపే మినుములు చల్లుదుము గదా! చల్లినవన్నియు మొలుచునా? పదునున్నచోటనే మొలుచును" అనెను. వైద్యురాలు ఆశ్చర్యముతో ఆమె వంక చూచి, "అంతేనమ్మా, మీరే బాగుగా చెప్పితిరి" అనెను.

ఆనాటి మాట మా మనస్సులలో నిలిచిపోయినది. దాని వెనుకనున్న శోధన యెట్టిదో తెలిసికొనగోరి చదువసాగితిమి. లండను నగరమున స్టీఫెన్ పేజెట్ అను శస్త్రవైద్యుడుండెను. ఆయన రొమ్ము క్యాన్సరుచే మరణించిన 735 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించి, 1889వ సంవత్సరమున తన వ్యాసమును ప్రకటించెను. కాలేయమునకు వ్యాధి తరచుగా వ్యాపించుటయు, ప్లీహమునకు మిక్కిలి అరుదుగా వ్యాపించుటయు ఆయన గమనించెను. అన్నియు యాదృచ్ఛికమే యైనచో ఇంత భేదముండరాదు గదా! కణము విత్తనము, అవయవము నేల, రెండును పొసగవలెనని ఆయన సిద్ధాంతము. తరువాత అమెరికా పండితుడగు జేమ్స్ యూయింగ్ దీనిని కాదని, రక్తము పారు మార్గములనుబట్టియే వ్యాధి వ్యాపించునని వాదించెను. పేజెట్ మాట చాలకాలము మరుగునపడెను.

వివాదమును తీర్చుటకు వాదములు చాలవు, ప్రయోగము కావలెను. ఐసయా ఫిడ్లర్ అను శాస్త్రజ్ఞుడు 1970లో క్యాన్సరు కణములకు రేడియోధార్మిక పదార్థముతో గురుతు పెట్టి, ఎలుకల రక్తనాళములలోనికి పంపి, వాటి జాడ తీసెను. ఒక దినము గడచునప్పటికి వేయింటికి ఒకటియైనను బ్రదికియుండుట కష్టమాయెను. రక్తప్రవాహము ఆ కణములకు సుఖప్రయాణము కాదన్నమాట. 1980లో ఇయాన్ హార్ట్ అను నాయనతో కలిసి ఫిడ్లర్ మరియొక ప్రయోగము చేసెను. ఎలుకల కండరములలో ఊపిరితిత్తి, అండాశయము, మూత్రపిండము అను మూడవయవముల ముక్కలను వేర్వేరుగా నాటి, రక్తములోనికి మెలనోమా యను చర్మపు క్యాన్సరు కణములను విడిచిరి. ఊపిరితిత్తి ముక్కలందును, అండాశయపు ముక్కలందును కంతులు పెరిగెను. మూత్రపిండపు ముక్కలందు పెరుగలేదు. మొదట ఆ ముక్కలలో చిక్కుకొన్న కణముల సంఖ్యనుబట్టి ఈ భేదము కలుగలేదనియు గురుతు పెట్టిన కణముల వలన తేలెను. విత్తనము చేరినంత మాత్రమున మొలకెత్తదు. తొంబదియేండ్ల పిమ్మట పేజెట్ మాటకు బలము చేకూరెను.

మరి, అమ్మ విషయమున ఎముకయే యేల? దీనికిని ప్రయోగశాలలలో సమాధానము దొరికినది. మన యెముక రాతివలె నిశ్చలమైనది కాదు. పాత యెముకను కరగించు కణములును, క్రొత్త యెముకను కట్టు కణములును అందు నిత్యము పనిచేయుచుండును. రొమ్మునుండి వచ్చిన క్యాన్సరు కణము ఒక స్రావమును విడుచును. ఆ ప్రేరణచే కరగించు కణములు విజృంభించును. ఎముక కరగినకొలది, అందు దాగియున్న పెరుగుదల పదార్థములు బయటపడి క్యాన్సరు కణమునకే ఎరువగును. ఎరువు తిన్న కణము మరింత స్రావమును విడుచును. ఇదియొక విషవలయము. 1996లో థెరిసా గైజ్, గ్రెగరీ మండీ మొదలగువారు ఎలుకలలో ఆ స్రావమును ప్రతిరక్షకముచే అడ్డగింపగా ఎముక క్షీణించుట తగ్గెను, కంతియు తగ్గెను.

అమ్మకు చేతి నరముద్వారా ఎక్కించిన జోలెడ్రోనిక్ ఆమ్లమను మందు, ఎముకను కరగించు కణములనే అణచునది. అది వ్యాధిని నిర్మూలింపదు. కాని నొప్పిని తగ్గించును, ఎముక విరుగు ప్రమాదమును తగ్గించును. విత్తనమును ఏరివేయలేనప్పుడు నేలను కాపాడుట యన్నమాట. ఆ మందు పొందిన కొన్ని వారములకు అమ్మ చేతికర్ర లేకుండ వాకిలి దాటి, తులసిమొక్కకు నీరు పోసినది. ఏ దేశముననో ఎలుకల బోనులయొద్ద రాత్రులు గడపినవారి శ్రమ మా వాకిటికి వచ్చినట్లు తోచెను.

ఆ ఆరేండ్ల మౌనమో? కొన్ని క్యాన్సరు కణములు చేరినచోట పెరుగక, చావక, నిద్రించుచుండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. పైరు నీడలో ఒదిగియుండి, కోత కాగానే వెలుతురు చూచి లేచు మినుముమొలక మాకు జ్ఞప్తికి వచ్చినది. 2018లో కోల్డ్ స్ప్రింగ్ హార్బరు ప్రయోగశాలవారు, ఎలుకల ఊపిరితిత్తులలో నిద్రించు కణములను పొగాకు పొగవలన కలిగిన వాపు మేల్కొలిపెనని చూపిరి. రక్షణకై వచ్చిన తెల్లరక్తకణములు విసరిన వలలే చుట్టుప్రక్కల నేలను మార్చి, ఆ నిద్రను చెరచెనట. ఎలుక మనుష్యుడు కాడు. అమ్మ జబ్బు ఏల మేల్కొనెనో మాకు చెప్పగలవారు లేరు. అయినను నిద్రను పొడిగించు ఉపాయమును వెదకుట శాస్త్రజ్ఞులు నేడు చేయుచున్న పని.

మొదటి ప్రశ్నకు మాత్రము సమాధానము స్పష్టము. తప్పు అమ్మది కాదు. తప్పు చేసినవారము మేము. క్యాన్సరు తాకుటవలనను, కలిసి భుజించుటవలనను, ఒకే గ్లాసుతో త్రాగుటవలనను ఒకరినుండి మరియొకరికి అంటదు. అది పుస్తకములలో నున్నది. మేము తెరచి చూడలేదు.

ఆసుపత్రినుండి వచ్చిన రాత్రి ఆ సొట్ట గ్లాసును కిటికీలోనుండి తీసి తక్కినవాటితో కలిపితిమి. అమ్మ చూచెను. అప్పుడును ఏమియు ననలేదు. మరునాటి యుదయమున ఆ గ్లాసులోనే కాఫీ పోసి మా పెద్దన్నయ్య చేతికిచ్చెను. ఆయన త్రాగెను. మేమందరము తల వంచుకొని కూర్చుంటిమి.

ఆ పిమ్మట అమ్మ రెండేండ్లు బ్రదికెను. ఆ గ్లాసు ఇప్పటికిని మా యింట నున్నది. ఎవరి చేతికి వచ్చిన వారు దానితో త్రాగుచుందుము.

తమ్ములారా, చెల్లెండ్రారా! మీ యిండ్లలోని తల్లులు, అత్తలు, అక్కలు రొమ్ములో నొప్పిలేని గడ్డ యేదైన తగిలినచో సిగ్గుపడి దాచకుండునట్లు మీరు ధైర్యము చెప్పుడు. వెంటనే వైద్యునికి చూపింపుడు. విత్తనములు చెదరకముందే కంతిని పట్టుట మేలు. వ్యాధి వచ్చినవారి గ్లాసును వేరు చేయకుడు. సూక్ష్మదర్శిని క్రింద ఉల్లిపొరను చూచు దినమున, అది పరీక్షకు మాత్రమే యనుకొనకుడు. ఆ చదువు ఏనాటికైనను మీ యింటి గడప తొక్కును. అప్పుడు దానిని లోనికి పిలువుడు.