జీనుపట్టీ నుండి గ్రహమార్గం వరకు: 'కక్ష్య' పదం

గోదావరిఖనిలో తెలుగు బోధించే రోజుల్లో ఒక గని కార్మికుని కుమారుడు అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న సమాధానమిది. ప్రబంధంలోని అశ్వవర్ణనను వివరిస్తూ 'జీను' పారశీక పదమని చెప్పాను. "జీను జారకుండా గుర్రం పొట్ట కింద బిగించే పట్టీని ఏమంటారు సార్?" అని అతడడిగాడు. 'బెల్టు' అని చెప్పి పాఠం కొనసాగించాను.

ఇంటికి వచ్చి నిఘంటువులు చూశాను. ఉర్దూలో దాని పేరు 'తంగ్'. ఇదీ పారశీకమే. ఇరుకు, బిగుతు అనేవి దీని ఇతరార్థాలు. వేధించడాన్ని 'తంగ్ కర్నా' అనడంలో ఉన్నది ఆ బిగుతే. సంస్కృతంలో ఆ పట్టీ పేరు 'కక్ష్య'. కక్షమంటే చంక, ఆ భాగాన్ని చుట్టి ఉండేది కక్ష్య. ఋగ్వేదంలో ఇంద్రుని గుర్రాలకు 'కక్ష్యప్ర' అనే విశేషణమున్నది. పట్టీ నిండేంత పుష్టి గలవని దాని అర్థం. అమరకోశం ఏనుగు నడికట్టుకు దూష్య, కక్ష్య, వరత్ర అనే పేర్లు చెప్పింది. చుట్టి ఉండడమనే సామ్యంతో ఈ పదం ఆవరణకు, గ్రహమార్గానికి కూడా విస్తరించింది. సూర్యసిద్ధాంతంలో గ్రహమార్గం 'కక్ష'. తెలుగులో 'కక్ష' పగకు పేరు కనుక గ్రహమార్గాన్ని చెప్పేటప్పుడు మనం యకారాన్ని విడువరాదు.

మా నాయన భూగర్భ గనిలో పనిచేశారు. ల్యాంపు రూములో టోపీ దీపం తీసుకొని, దాని బ్యాటరీని నడుము బెల్టుకు తగిలించుకొని గనిలోకి దిగేవారు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు అనే క్రమం చుట్టూనే మా ఇల్లు తిరిగేది. పగలు ఆయన నిద్రపోతే మేము గుసగుసగా మాట్లాడుకొనేవాళ్లం. నడుమును చుట్టిన పట్టీ పేరే తిరిగే దారికి పేరయిందని చదివినప్పుడు నాకు మొదట ఆ ఇల్లే గుర్తుకు వచ్చింది. ఆ బెల్టుకు, దాని కొక్కేలకు గనిలో తోటివారు వాడిన మాటలేమిటో ఆయనను ఎన్నడూ అడుగలేదు. ఇప్పుడాయన లేరు.

ఈ ప్రాంతాన్నే 'కోల్‌బెల్ట్' అంటారు. ఇక్కడ తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన తరం క్రమంగా కనుమరుగవుతున్నది. ప్రబంధంలోని జీనుపై చూపే శ్రద్ధను పరిశోధకులు ల్యాంపు రూము మాటలపైనా చూపవలసి ఉన్నది. నేను ముందుగా ఆ విద్యార్థి ఇంటికి వెళ్లదలచాను. అతని తండ్రి ఇంకా ఉన్నారు.