గంటంబావు దూరం

"ఇంకేం వదినా, ఒకళ్ల దగ్గరకెళితే ఇద్దర్నీ చూసి రావచ్చు!" మా పెద్దమ్మాయి లండన్‌లో, చిన్నమ్మాయి పారిస్‌లో కాపురాలు పెట్టినప్పుడు ఈ మాట అననివాళ్లు లేరు. నేనూ అలాగే అనుకున్నాను. ఎందుకనుకోనూ? ఆ రెండు ఊళ్లకీ మధ్య దూరం తిన్నగా కొలిస్తే సుమారు 345 కిలోమీటర్లు. మన బెజవాడ నుంచి విశాఖపట్నానికి రైలు దారెంతో ఇంచుమించు అంతే. విమానంలో గంటంబావు!

పెద్దదాని పురుటికి లండన్ వెళ్లాను. ఇంగ్లండు వీసా ఒక్కటే తీసుకున్నాను. 'రెండోది అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే' అనుకున్నాను. పసివాడికి ఇరవయ్యో రోజున పారిస్ నుంచి చిన్నల్లుడు ఫోన్ చేశాడు. చిన్నదానికి మూడో నెల కడుపు నిలవలేదట. ఆస్పత్రి నుంచి అప్పుడే ఇంటికి తెచ్చాడట. గబగబా నాలుగు చీరలు సర్దుకున్నాను. పెద్దల్లుడు మెల్లగా, "అత్తయ్యగారూ, మీ వీసా అక్కడ చెల్లదండీ" అన్నాడు.

ఫ్రాన్సుకు కావలసింది షెంగెన్ వీసా. ఇంగ్లండు ఏనాడూ షెంగెన్ దేశాల్లో చేరలేదు. నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్ని కనుక ఇండియా వెళ్లే అప్లై చేసుకోవాలన్నారు.

ఆ రాత్రి చిన్నది ఫోన్‌లో, "అమ్మా, మిరియాల చారు ఎలా పెట్టాలే?" అని అడిగింది. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి దంచడం దగ్గర్నుంచి పోపు దాకా చెప్పాను. దానికి చారు పెట్టడం రాకనా! ఫోన్ పెట్టెయ్యడం ఇష్టం లేక. మాటలు ముగిసేసరికి గంటన్నరయింది. ఆపాటికి విమానమైతే దిగిపోయి ఉండేదాన్ని.

రెండేళ్లకు రెండు వీసాలతో వెళ్లాను. ఇక ఆ గంటంబావు సంగతీ వినండి. ఇంటి నుంచి హీత్రో విమానాశ్రయానికి గంట. అక్కడ రెండు గంటల ముందుండాలి. ఎక్కి దిగడానికి గంటంబావు. పారిస్‌లో పాస్‌పోర్టు క్యూ, పెట్టె కోసం పడిగాపులు, ఆపైన ఊళ్లోకి పాతిక కిలోమీటర్లు. అంతా కలిపి ఆరు గంటలు! రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో బెజవాడ నుంచి విశాఖ వెళ్లినంతసేపు. పైగా పారిస్ గడియారం ఒక గంట ముందుంటుంది. లండన్‌లో 10 గంటలకు ఎక్కితే అక్కడ దిగేసరికి 12.15.

తలుపు తీస్తూనే చిన్నది, "ఇంత ఆలస్యమా అమ్మా!" అంది. విమానం గురించే అందో, రెండేళ్ల గురించి అందో నేను అడగలేదు.

తిరుగు ప్రయాణం రైల్లో చేశాను. 1994లో ప్రారంభమైన సొరంగం గుండా వెళుతుంది. 50 కిలోమీటర్ల సొరంగంలో 38 కిలోమీటర్లు సముద్రం కిందే! ఊరి నడిబొడ్డున ఎక్కి ఊరి నడిబొడ్డున దిగాను. రెండుంబావు గంటలు పట్టింది.

మీ పిల్లలూ ఇలా ఉంటే, బయలుదేరే ముందే రెండు వీసాలూ తీసుకోండి. షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకు నెయ్యి మాత్రం పట్టుకెళ్లకండి, పాల పదార్థాలు రానివ్వరు. ఆవకాయకు ఆ బాధ లేదు, పెద్ద పెట్టెలో పెట్టేయండి.

'అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే' అని మాత్రం నాలా అనుకోకండి. ఏ బిడ్డకు ఎప్పుడు అమ్మ కావలసి వస్తుందో చెప్పలేం కదా!