మద్రాసు పేరు మోసిన బాంబర్లు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కణ్నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల. బైకుంటే ఒక్క రోజులో తిరిగి రావొచ్చు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే ఈ దారిలో గండికోట తప్ప చూడాల్సిందేమీ లేదన్నట్టు ఉంటుంది. మొన్న సెలవుల్లో నేను ఈ దారిలో తిరిగింది మాత్రం ఒక యుద్ధవిమానం గురించి ఆలోచిస్తూ. ఆ విమానం ఇక్కడ ఎగరలేదు, ఇక్కడ కూలలేదు. నార్వేలో ఓ సరస్సు అడుగున 31 ఏళ్లు పడి ఉంది. కానీ దాన్ని నడిపిన దళం పేరులో మన ప్రాంతం ఉంది.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో నంబర్ 35 స్క్వాడ్రన్ అని ఒకటుండేది. పూర్తి పేరు 35 మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్. నాలుగింజన్ల హాలిఫాక్స్ బాంబర్‌ని మొట్టమొదట అందుకున్నది ఈ దళమే. యుద్ధం కోసం మద్రాసు ప్రెసిడెన్సీ ఇచ్చిన చందాలకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. 79, 234, 264 నంబర్ల ఫైటర్ దళాలకూ ఇదే పేరు. నిజాం ఇచ్చిన డబ్బుకి 110, 152, 253 దళాలు హైదరాబాద్ పేరు పెట్టుకున్నాయి. అప్పట్లో కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అందులో మూడు తాలూకాలు.

బంగారం అంగళ్ల మధ్య ఒక లెక్క

ప్రొద్దుటూరులో డబ్బు గురించి ఆలోచించాలంటే బంగారం అంగళ్ల వీధికే పోవాలి. పండగ ముందు అక్కడ కాలు పెట్టే సందుండదు. సందుకో తూకం, తూకానికో బేరం. దసరాకి అమ్మవారిశాల దగ్గర జనం ఎలా ఉంటారో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

యుద్ధకాలంలో చందాదారుల కోసం బ్రిటిష్ ప్రభుత్వం విమానాలకు ఒక గుండుగుత్త ధర పెట్టింది. స్పిట్‌ఫైర్ లాంటి ఒంటి ఇంజన్ ఫైటర్‌కి 5 వేల పౌండ్లు. రెండింజన్ల బాంబర్‌కి 20 వేలు. నాలుగింజన్ల బాంబర్‌కి 40 వేలు. అప్పుడు రూపాయికి 18 పెన్నీలు, అంటే పౌండుకి సుమారు 13 రూపాయల 33 పైసలు. ఆ లెక్కన ఒక్క హాలిఫాక్స్‌కి 5 లక్షల 33 వేల రూపాయలు. 1940లో 10 గ్రాముల బంగారం 40 రూపాయల లోపే. అంటే ఒక్క బాంబర్‌కి 130 కిలోలకు పైగా బంగారం. ఆ వీధిలో నిలబడి ఫోన్‌లో ఈ లెక్క వేసుకుంటే ఎవరికైనా ఒక్క క్షణం గొంతు ఆరిపోతుంది.

ఓ అంగడి అరుగు మీద కూర్చున్న పెద్దాయనని అడిగాను.

"పెద్దాయనా, ఇంగ్లీషోళ్ల యుద్ధానికి ఈడ చందాలు వసూలు చేసినారంట. మీ నాయన వాళ్లు ఏమన్నా చెప్పేవాళ్లా?"

"యా చందా గురించి అడుగుతాండావ్ నాయనా? యుద్ధానికి చందా, జాతరకి చందా, ఎలక్షన్‌కి చందా. ఇచ్చినోనికి రసీదే గుర్తుండదు, ఇంక దేనికిచ్చినాడో ఏం గుర్తుంటాది?" అని నవ్వేశాడు.

నవ్వులాటగా అన్నాడు కానీ మాట సూటిగా తగిలింది. 1939 సెప్టెంబర్‌లో వైస్రాయ్ మనవాళ్లనెవరినీ అడక్కుండానే భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా ఆ అక్టోబర్‌లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ తర్వాత పాలనంతా గవర్నర్ చేతిలోనే. 1940 అక్టోబర్ 17న గాంధీజీ పిలుపుతో వినోబా భావే వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టాడు. మనుషుల్ని ఇచ్చి గానీ డబ్బిచ్చి గానీ ఈ యుద్ధానికి సాయం చేయడం తప్పని చెప్పడమే ఆ సత్యాగ్రహం. మూడు వారాలు తిరక్కముందే, నవంబర్ 5న, ఇంగ్లండ్‌లో 35 స్క్వాడ్రన్‌ని హాలిఫాక్స్‌ల కోసం మళ్లీ ఏర్పాటు చేశారు. ఎన్నికైన మంత్రివర్గం లేని రాష్ట్రం పేరు, యుద్ధానికి డబ్బివ్వొద్దని జనం జైళ్లకు పోతున్న రాష్ట్రం పేరు, ఆ దళానికి వచ్చి చేరింది.

గండికోట అంచున

జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తిని గండికోటకి పోయాను. రీల్స్‌లో మీరంతా చూసిన చోటే. కింద పెన్న, రెండువైపులా పేర్చినట్టు ఎర్రరాయి. సెల్ఫీల వాళ్లు పోయాక కాసేపు కూర్చుంటే కోట చరిత్ర గుర్తొస్తుంది. పెమ్మసాని నాయకులు, గోల్కొండ తరఫున మీర్ జుమ్లా, కడప నవాబులు, మైసూరు సుల్తానులు, నిజాం. చివరికి 1800లో నిజాం ఈ జిల్లాలన్నీ ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఎందుకు? తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద. అందుకే మన సీమకి దత్తమండలాలు అనే పేరు. 1928లో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా అదే మన పేరు. సైన్యం బిల్లు కట్టడానికి ఇచ్చేసిన నేల ఇది. 140 ఏళ్ల తర్వాత ఇంకో సైన్యం చందా పుస్తకంలోకి ఎక్కడం కొత్తేమీ కాదు.

ఇంతకీ ఆ డబ్బు ఏమైంది? 1941 మార్చి 10 రాత్రి 35 స్క్వాడ్రన్ హాలిఫాక్స్‌లు మొదటిసారి దాడికి వెళ్లాయి. ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవు మీదికి. తిరిగొస్తున్న ఒక విమానాన్ని ఇంగ్లండ్ ఆకాశంలోనే సొంత ఫైటర్ శత్రువనుకుని కూల్చేసింది. ఆరుగురిలో నలుగురు చనిపోయారు. దాడికి వెళ్లి పోయిన మొదటి హాలిఫాక్స్ అదే.

తర్వాతి ఏడాది వాళ్లను నార్వేకి పంపారు. అక్కడి సముద్రపు పాయలో టిర్పిట్జ్ అనే జర్మన్ యుద్ధనౌక దాక్కుని ఉంది. 1942 ఏప్రిల్ 27 రాత్రి 31 హాలిఫాక్స్‌లు, 12 లాంకాస్టర్లు వెళ్లాయి. 5 తిరిగి రాలేదు. నౌక చెక్కుచెదరలేదు. తిరిగి రానివాటిలో 35 స్క్వాడ్రన్ హాలిఫాక్స్ ఒకటి, నంబర్ డబ్ల్యూ 1048. తుపాకీ దెబ్బలకు మంటలంటుకుంటే పైలట్ మెకింటైర్ దాన్ని గడ్డకట్టిన హోక్లింగెన్ సరస్సు మీద దింపాడు. ఆరుగురూ బతికారు. చీలమండ విరిగిన ఇంజనీరు జర్మన్లకు దొరికిపోయాడు. మిగతా ఐదుగురూ మంచులో నడిచి స్వీడన్ చేరారు. విమానం మంచు పగిలి మునిగిపోయింది. 27 మీటర్ల లోతు నుంచి 1973లో దాన్ని పైకి తీశారు. ఇప్పుడది లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. చాలావరకు నీళ్లలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే, తుప్పుతో, చిరిగిన రేకులతో ఉంచారు.

టిర్పిట్జ్ చివరికి మునిగింది 1944 నవంబర్‌లో, వేరే దళాల చేతుల్లో. ఈ లోపు దాని కోసం ఎంతమంది కుర్రాళ్లు పోయారో!

పులివెందులలో ఇరవై రెండేళ్లు

ముద్దనూరు దాటి దక్షిణానికి వెళ్లేకొద్దీ చీనీ తోటలు, అరటి తోటలు. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సాయంత్రం టీ బంకు దగ్గర కాలేజీ పిల్లలు ఏడెనిమిది మంది గుంపుగా నిలబడి సెమిస్టర్ గురించి, ప్లేస్‌మెంట్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

హాలిఫాక్స్‌లో మామూలుగా ఏడుగురు. పైలట్, దారి చూసే నావిగేటర్, బాంబులు వదిలేవాడు, వైర్‌లెస్ చూసేవాడు, ఫ్లైట్ ఇంజనీరు, ఇద్దరు గన్నర్లు. బాంబర్ సిబ్బంది సగటు వయసు సుమారు 22. అంటే బీటెక్ అయిపోయిన వయసు. టీ బంకు దగ్గర నిలబడ్డ ఆ గుంపే ఒక విమానం.

ఒక విడతలో వాళ్లు 30 దాడులు పూర్తి చేయాలి. దాడికి వందలో 4 విమానాలు పోతాయనుకోండి. వినడానికి చిన్న సంఖ్యే, 96 శాతం తిరిగొస్తాయి కదా అనిపిస్తుంది. కానీ 0.96ని 30 సార్లు గుణించి చూడండి. 0.29 వస్తుంది. వందలో 29 మందే విడత పూర్తి చేసి బయటపడతారు. మా ఆఫీసులో ఇలాంటి సంఖ్యతో ఏ సిస్టమ్‌నీ లైవ్‌కి పంపరు. అక్కడ మనుషుల్ని పంపారు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. వందకి 44 మంది.

1942 ఆగస్టులో 35 స్క్వాడ్రన్‌ని పాత్‌ఫైండర్ దళంలో చేర్చారు. అందరికంటే ముందు వెళ్లి రంగు మంటలు వదిలి, వెనక వచ్చేవాళ్లకు గురి చూపించడం వాళ్ల పని. వందకు పైగా దాడులు చేసిన అలెక్ క్రాన్స్‌విక్ ఈ దళం పైలటే. 1944 జులైలో పారిస్ దగ్గర కూలిపోయి చనిపోయాడు.

ఇక్కడ ఇంకో మాట దాచకూడదు. గురి చూపించడం అంటే ఎవరి మీద? 1943 జులైలో హాంబర్గ్ మీద జరిగిన దాడుల్లో 30 వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మామూలు జనం, ఆడవాళ్లు, పిల్లలు. ఆ దాడుల్లో 35 మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్ కూడా ఉంది. హిట్లర్‌ని ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ రాత్రి కాలిపోయిన వీధుల లెక్కలో కూడా మన రాష్ట్రం పేరుంది.

పేర్లు ఎవరివి

చనిపోయిన కుర్రాళ్ల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి. సమాధి దొరకని 20 వేల మందికి పైగా వైమానికుల పేర్లు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్‌లో చెక్కారు. లింకన్‌లోని బాంబర్ కమాండ్ సెంటర్‌లో దాదాపు 58 వేల పేర్లున్నాయి. ఆ సెంటర్ వెబ్‌సైట్‌లో చనిపోయినవాళ్ల జాబితా ఉచితంగా చూడొచ్చు. స్క్వాడ్రన్ దగ్గర 35 అని కొట్టి చూడండి. ఇంగ్లండ్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పిల్లల పేర్లు. 19, 20, 21, 23. స్క్రోల్ చేస్తుంటే బొటనవేలు నొప్పి పుడుతుంది గానీ జాబితా అయిపోదు.

ఇటు ఈ మూడు ఊళ్లలో నాకు ఒక్క పేరు కూడా ఎక్కడా కనబడలేదు. చందా ఇచ్చినవాడి పేరు లేదు, ఇవ్వనని జైలుకి పోయినవాడి పేరూ లేదు. డబ్బు ఇక్కణ్నుంచి పోయింది, ప్రాణాలు అక్కడ పోయాయి, మధ్యలో "మద్రాస్" అనే ఒక్క మాట మాత్రం మిగిలింది.

యుద్ధం అంటే టీవీలో కనిపించే దూరం సంగతి అనుకుంటాం. దాని బిల్లు మాత్రం మన సీమ దాకా వస్తుంది. 1800లో వచ్చింది, 1940లో వచ్చింది. బిల్లు కట్టకుండా ఉండటం మన చేతిలో ఉండకపోవచ్చు. ఆ డబ్బుతో ఏం కొన్నారో, అది ఎవరిని చంపిందో, ఎవరు చనిపోయారో తెలుసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. గండికోట అంచున ఈసారి సెల్ఫీ దిగాక సిగ్నల్ ఉంటే ఆ జాబితా ఒక్కసారి తెరవండి. పది పేర్లు చదవండి చాలు. వాళ్లది మీ వయసే.