బండికన్నా ముందు మనిషి

చలికాలంలో ప్రయాణమంటే కొందరికి మంచు గుర్తొస్తుంది. మా పెండ్లిమర్రి పక్క పెత్తనమంతా బురదదే. కార్తీకంలో ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకుందంటే నల్లరేగడి దారి బంకై కూర్చుంటుంది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయి, జీపు మొండి ఎద్దులా మొరాయిస్తుంది.

శనగచేనికి విత్తనాలు తీసుకుపోయే రోజు మా మేనమామ జీపును పెండ్లికూతురిలా సింగారించేవాడు. టైర్లు అరిగాయేమో తడిమి చూసేవాడు. బ్రేకులు, బ్యాటరీ, లైట్లు సరిచూసేవాడు. వెనక పార, మోకు, టార్చిలైటు, తాగేనీళ్లు, నాలుగు గోనెసంచులు పెట్టేవాడు. దిగబడిన చక్రం కింద గోనె పరిస్తే పట్టు దొరుకుతుంది మరి!

"అంతా అయినట్టేనా మామా?" అని అడిగాను.

"అసలుది మిగిలింది అల్లుడా. తోలేవాడు నిద్ర సరిగా పోయినాడా, తాగినాడా, తొందరలో ఉండాడా? అది చూడాల."

అడ్డంగా వాగు పారుతుంటే ఆ తొందరే ప్రాణం తీస్తుంది. జోరుగా పారే నీళ్లు అడుగు లోతున్నా చిన్న కారును తోసుకుపోగలవు. కింద దారి ఉందో, కోసుకుపోయిందో పైకి కనబడదు. 2021 నవంబరు వరదకు కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెనే కూలింది. ఇక మన జీపెంత?

అందుకే మామ సామాన్లలో ఒకటి మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు. అది బండిని వెనక్కి తిప్పే మనసు. ఆలస్యంగా ఇల్లు చేరిన వాణ్ణి అత్త నాలుగు తిట్టేది, నిజమే. తిడుతూనే వేడివేడిగా సంగటి పెట్టేది.