బ్రాండో చూడని 'బ్రాండో'

సినిమా స్టార్ల బంగళాల ఫొటోలంటే నాకు మొదట్నుంచీ పెద్ద మోజు లేదు. పాలరాతి మెట్లు, ఈతకొలను, గేటు దగ్గర రెండు కుక్కలు... ఒకటి చూస్తే పది చూసినట్టే! కానీ ఒక నటుడు కలగన్న హోటలు గురించి మాత్రం ఎక్కడ ఏ ముక్క కనపడినా దాచుకుంటూ వచ్చాను. ఆ నటుడు మార్లన్ బ్రాండో. అవును, 'గాడ్ ఫాదర్' బ్రాండోనే!

'మ్యూటినీ ఆన్ ది బౌంటీ' (1962) షూటింగుకని బ్రాండో పసిఫిక్ మహాసముద్రంలోని తహితి దీవికి వెళ్లాడు. అక్కడ రెండు ప్రేమల్లో పడ్డాడు. ఒకటి, ఆ చిత్రంలో తన సరసన నటించిన తారితా. ఆమెను పెళ్లాడాడు. రెండోది తెతియరోవా! తహితికి యాభై కిలోమీటర్ల అవతల, పగడపు దిబ్బల వలయం. మధ్యలో నీలపు మడుగు, చుట్టూ డజను చిన్న లంకలు. ఒకప్పుడు తహితి రాజకుటుంబానికి విడిది. 1960ల్లోనే దాన్ని చేజిక్కించుకున్నాడు. తర్వాత అక్కడే చిన్న హోటలు కట్టాడు. తుపాన్లు దాన్ని దెబ్బతీశాయి గానీ ఆయన కలని కాదు.

దీవిని పాడుచెయ్యని హోటలు కావాలి. ఇదీ ఆయన కోరిక. వినడానికి బాగానే ఉంది. మరి కరెంటు సంగతి? దీవికి తీగలు రావు. డీజిల్ తేవాలంటే పడవల్లో తేవాలి. తెతియరోవా చుట్టూ ఉన్న పగడపు గోడలో పెద్ద పడవ దూరే సందు కూడా లేదు!

'ఎండ బోలెడుంది కదా, సోలార్ పలకలు పరిస్తే సరి' అంటారు మీరు. నేనూ అదే అనుకున్నాను. కానీ డిజైను చేసేవాళ్లు మొదలుపెట్టేది పలకల దగ్గర కాదు. అసలు ఎంత కరెంటు కావాలి, దేనికి కావాలి అన్న లెక్క దగ్గర. వేడి దీవిలో ఖరీదైన హోటలంటే కరెంటుని అందరికన్నా ఎక్కువ మింగేది ఏసీ. దాని ఆకలి తీర్చాలంటే చెట్లు కొట్టి దీవంతా పలకలు పరవాలి. ఇక ఆ దీవికి వెళ్లి చూసేదేముంది?

అందుకని చల్లదనాన్ని సముద్రాన్నే అడిగారు. పగడపు దిబ్బ దాటగానే అక్కడ సముద్రం బావిలా దిగిపోతుంది. 900 మీటర్లకు పైగా లోతులో నీరు దాదాపు 5 డిగ్రీలు! గొట్టం వేసి ఆ నీటిని తెస్తారు. అంత లోతునుంచి తోడాలంటే ఎంత మోటారు కావాలో అని బెంగపడకండి. గొట్టంలో నీరు తనంతట తానే సముద్ర మట్టం దాకా నిలిచి ఉంటుంది. మోటారు పని పైపైదే. ఆ చలి హోటల్లో తిరిగే మంచినీటి గొట్టాలకు ఎక్కుతుంది, గదులు చల్లబడతాయి. ఈ ఆలోచన బ్రాండోదేనని హోటలు కట్టిన రిచర్డ్ బెయిలీ చెబుతూ వచ్చారు. ఆయన కంపెనీ బోరా బోరా దీవిలో 2006లో తెరిచిన హోటల్లో ముందు దీన్ని అమలుచేసి చూసింది.

ఏసీ ఆకలి తీరాక మిగిలిన అవసరాలకు సోలార్ పలకలు. అవి ఎక్కడ పెట్టారనుకున్నారు? విమానాలు దిగే రన్‌వే పక్కన! ఎలాగూ చెట్లుండకూడని చోటు అది. ఎండ లేని వేళకు బ్యాటరీలు, కొబ్బరినూనె ఇంధనంతో నడిచేలా జనరేటర్లు. 35 విల్లాలూ ఒక్క లంక మీదే. మిగతా లంకలు పక్షులకీ తాబేళ్లకీ వదిలేశారు. హోటలు పేరు 'ది బ్రాండో'. 2014 జూలైలో తలుపులు తెరిచింది. బ్రాండో మాత్రం పదేళ్ల ముందే, 2004లో కన్నుమూశాడు.

ఇక అసలు మాట. అక్కడ ఒక్క రాత్రికి వేల డాలర్లు! నేనుండేది మేడమీద గది. ఏప్రిల్ వచ్చిందంటే స్లాబు పెనమైపోతుంది, అర్ధరాత్రి దాటినా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. విడి వ్యాసాలు రాసి బతికేవాడు ఏసీ కొన్నా బిల్లుకు భయపడతాడు. ఇవన్నీ చదువుతుంటే, చెప్పొద్దూ, ఒళ్లు మండింది. ఎండ అందరిదీ, సముద్రం అందరిదీ, చల్లగా నిద్రపోయే భాగ్యం మాత్రం కోటీశ్వరులదా?

ఆ మంట చల్లార్చింది మన లక్షద్వీపాలే! కవరత్తి దీవిలో 2005లో చెన్నై జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఒక ప్లాంటు పెట్టింది. సుమారు 350 మీటర్ల లోతు చల్లనీటిని పైకి తెచ్చి, దాని సాయంతో ఆవిరిని మంచినీరుగా మారుస్తారు. రోజుకి లక్ష లీటర్లు! తర్వాత మినికాయ్, అగత్తి దీవులకీ అలాంటివి వచ్చాయి. దాన్ని నడపడానికీ కరెంటు కావాలి, నిజమే. కానీ లోతునీటి చలి కోటీశ్వరుడి పడగ్గదికే కాదు, పల్లెకారుల కడవకీ పనికొస్తుందని తేలిపోయింది కదా!

అందుకే బ్రాండో మీద నాకిప్పుడు కోపం లేదు. డబ్బున్నవాడి సరదాలో పుట్టినా మంచి ఆలోచన అక్కడే కట్టుబడి ఉండనక్కర్లేదు. దాన్ని మన మేడగదుల దాకా దించే ఇంజనీరు ఈ పేజీ చదువుతున్న మీలోనే ఎవరైనా ఉండొచ్చు. ఉంటే కాస్త తొందరపడండి బాబూ, మళ్లీ వేసవి వచ్చేస్తుంది!