రెండు స్విచ్‌లు, ఒక బల్బు

మా మేనల్లుడు కొంపల్లిలో ఇల్లు కట్టుకుంటున్నాడు. పడమర ముఖం. "మామయ్యా, నువ్వూ రా. అమ్మ ఒక్కతే అయితే అన్నిటికీ వద్దంటుంది" అని నన్ను మాదాపూర్ వైపున్న ఒక స్మార్ట్ హోమ్ షోరూమ్‌కి లాక్కెళ్లాడు. వద్దనడంలో మా అక్కకి నేనే తోడని వాడికి తెలీదు పాపం.

చూపించిన కుర్రాడిది మంచి గొంతు. గోడ మీది పలకని తాకి 'సినిమా టైమ్' అన్నాడు. తెరలు దిగాయి, లైట్లు సన్నగిల్లాయి. సోఫాలో అక్కకి కళ్లజోడు ఎక్కడ పెట్టిందో కనిపించలేదు. "లైటు వెయ్యి నాయనా" అంది. ఆ మాట బల్ల మీది డబ్బాతో చెప్పాలట. చెప్పింది. డబ్బా ఇంగ్లీషులో క్షమాపణ చెప్పుకుంది.

"దీపం వెయ్యమనడానికి ఈ వయసులో నేను ఇంగ్లీషు నేర్చుకోవాలట్రా?" అని అక్క కొడుకు వంక చూసింది. వాడు నా వంక చూశాడు. నేను మంచినీళ్ల కోసం లేచి వెనక గదిలోకి వెళ్లాను. వెళ్లి అక్కడే ఉండిపోయాను.

ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, ప్లైవుడ్ ముక్క మీద రెండు స్విచ్‌లూ ఒక బల్బూ బిగిస్తున్నాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్లు నిలబడి చూస్తున్నారు. కట్టర్ అంచుతో వైరు చుట్టూ ఒక్క తిప్పు తిప్పి తొడుగు లాగేస్తాడు. లోపలి రాగి పోగు ఒక్కటీ తెగదు. పోగుల్ని మెలిపెట్టి, సగానికి మడిచి, స్క్రూ కిందికి దూర్చి బిగిస్తాడు. బిగించాక వైరుని ఒకసారి గుంజి చూస్తాడు. ప్రతిసారీ గుంజి చూస్తాడు.

"మెట్ల లైటు సార్. వీళ్లకి మాడ్యూల్ పెట్టుడు వస్తది, గిది రాదు."

ఒక స్విచ్ నడిమి పిన్నుకి ఫేజు. రెండో స్విచ్ నడిమి పిన్ను నుంచి బల్బుకి వైరు. ఆ రెంటికీ మధ్య రెండు వైర్లు. రెండు స్విచ్‌లూ ఒకే వైరు మీదుంటే బల్బు వెలుగుతుంది, చెరొకదాని మీదుంటే ఆరుతుంది. కింద వేసి పైన ఆర్పుకోవచ్చు. చిన్నప్పటి నుంచీ వాడుతున్నదే గాని, ఇందులో ఇంత తెలివి దాగుందని నాకు ఆ రోజుదాకా తట్టలేదు.

నా తెలివి ఎంతంటే, పోయినేడాది పడకగదికి స్మార్ట్ బల్బు పెట్టాను. ఒక అర్ధరాత్రి కరెంటు పోయి రెండింటికి వచ్చింది. రాగానే బల్బు నిండు వెలుగుతో లేచి కూర్చుంది, దాంతో పాటు మేమూ. కరెంటు రాగానే వెలగడం దాని అలవాటట. మార్చుకోవడం యాప్‌లో ఏ మూలో ఉంది. గోడ స్విచ్ ఆపితే మళ్లీ ఫోనుకి పలకదు. మా పనమ్మాయి ఊడ్చి వెళ్తూ స్విచ్ ఆపుతుంది. మంచి అలవాటే, నా ఆటోమేషన్ మాత్రం అక్కడితో సరి.

తెరల మీదా పెద్దాయనకి ఒక మాటుంది. "అద్దం దాటి ఎండ లోపలికొచ్చినంక తెర దించి ఏం ఫాయిదా సార్?"

నిజమే కదా! లోపలి తెర కొంత వేడిని తిప్పి పంపినా, మిగతాది అద్దానికీ తెరకీ నడుమ చిక్కి చివరికి గదిలోకే దిగుతుంది. వరండా అంచున కట్టే వెదురు చిక్ ఎండని ఇంటి బయటే నిలబెట్టేది. ఎంత ఎత్తాలో, ఏ వేళకి దించాలో తాడు పట్టుకున్న చేతికి తెలిసేది. మే నెలలో నీళ్లు చల్లితే గాలి చల్లబడేది. ఇప్పుడు మోటారు టైము తప్పకుండా దించుతుంది, అద్దానికి తప్పు వైపున. పడమట ఒక పంచ దింపమని ప్లాను గీసినవాడు అనలేదు. దాని బదులు కిటికీకో మోటారు!

మెట్ల మీది రెండంతస్తుల కిటికీకి మోటారు కావాల్సిందే, ఒప్పుకుంటాను. మంచం పట్టినవాళ్లకి రిమోట్ విలాసం అనను. పసిపిల్లలున్న ఇంట్లో తెర తాడు మెడకి చుట్టుకునే ప్రమాదమూ ఉంది. నాకు ఒళ్లు మండేదల్లా, ఇవి పెట్టిన చోట గోడ స్విచ్ పీకేసి నున్నగా పుట్టీ పెట్టడం. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ ఉన్నట్టుండి సర్వర్లు ఆపేసింది. ఎందరి ఇళ్లలోనో లైట్లు ఫోను మాట వినడం మానేశాయి. చివరికి వాడుకునేవాళ్లే కొందరు కలిసి దాన్ని కొని మళ్లీ నడిపించారు. ఈ కథ చెబితే పెద్దాయన నవ్వలేదు.

"కంపెనీ బందయితే ఎవడొస్తడు సార్? నా ఫోనే మోగుతది."

అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ప్లైవుడ్ ముక్క చూసి ఒక స్విచ్ నొక్కింది, రెండోది నొక్కింది, మళ్లీ మొదటిది. బల్బు వెలిగి ఆరి వెలిగింది. మేనల్లుడు కొటేషన్ కాగితంతో వెనకే నిలబడ్డాడు. అక్క దాన్ని తీసుకుని, అంకెలున్న వైపు చూడకుండా వెనక్కి తిప్పి, పెద్దాయనకి ఇచ్చింది.

"నీ నంబరు రాయి బాబూ."

చెవి మీది పెన్సిల్ తీసి రాశాడు. "వైరింగ్ టైముకి మీరే వచ్చి నిలబడాలమ్మా. స్విచ్ ఎత్తు మీ చెయ్యి చూసి పెడతా."